బల్ల మీద ఓక్ కొమ్మలు

"వేరేగా ఉందే," అంది ఆర్డిస్.

ఆ మాట లేకుండా ఆ ఇంట్లో ఒక్క థాంక్స్‌గివింగ్ పండుగా జరగలేదు. కోడలు మార్లిస్ భోజనాల బల్లను అలంకరించి, చేతులు తుడుచుకుని, ఒక అడుగు వెనక్కి వేస్తుంది. అత్త ఆర్డిస్ వచ్చి కళ్ళజోడు సర్దుకుని, తల ఒక పక్కకు వంచి చూస్తుంది. ఆ మాట అంటుంది. వెళ్ళి తన కుర్చీలో కూర్చుంటుంది. మిన్నెసోటాలో ఆ పల్లెల్లో ఎవరూ దేన్నీ బాగాలేదనరు. బాగాలేదనడం మోటుతనం. పులుసులో ఉప్పు తక్కువైతే వేరేగా ఉందంటారు. పాస్టరుగారి భార్య పచ్చటోపీ పెట్టుకుని చర్చికి వస్తే వేరేగా ఉందంటారు. పక్క పొలం వాడు పెళ్ళాన్ని వదిలేసి పోయినప్పుడు కూడా అదే అన్నారు. ఆ మాటకు బదులు లేదు. తిడితే తిరిగి తిట్టొచ్చు. మెచ్చుకుంటే సిగ్గుపడొచ్చు. వేరేగా ఉంది అంటే ఏం చేస్తారు? థాంక్స్ చెప్పి వంటింట్లోకి పోవాలి. ముప్పై ఏళ్ళకు పైగా మార్లిస్ అదే చేసింది. ఈసారీ అదే చేసింది.

ఈ ఏటి బల్ల పని సెప్టెంబరులోనే మొదలైంది. మొదలైనట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. కోళ్ళకు నీళ్ళు పోసి వస్తూ మార్లిస్ రోడ్డు పక్క గుంట దగ్గర ఆగేది. అక్కడ జిల్లేడు జాతి మొక్కల కాయలు ఎండి పగిలి, లోపలి తెల్లటి దూది బయటికి తొంగిచూస్తుంటుంది. ముందు తెంపితే కాయ పచ్చి. ఆలస్యం చేస్తే దూది గాలికి పోయి ఉత్త డొల్ల మిగులుతుంది. సుమాక్ పొదల ఎర్రటి కంకులను మంచు పడకముందే కోయాలి. ఓక్ కొమ్మలు మాత్రం తొందరపెట్టవు. చుట్టూ ఉన్న చెట్లన్నీ ఆకు రాల్చి చేతులు దులుపుకున్నా ఓక్ తన ఆకును వదలదు. ఆకు తోలు రంగుకు తిరిగి, గాలి వచ్చినప్పుడల్లా గలగలమంటూ, ఎండిపోయి కూడా కొమ్మనే పట్టుకుని వేలాడుతుంది. ఆ చెట్టు కింద మార్లిస్ ఎక్కువసేపు నిలబడేది. పైన అడవిబాతులు అరుచుకుంటూ దక్షిణానికి పోతుండేవి. ఆమె తలెత్తి చూసేది కాదు. చూస్తే చేతిలో పని ఆగిపోతుందని ఆమెకు తెలుసు.

తెచ్చినవన్నీ పాడుబడిన పాలగదిలో దాచేది. అక్కడే పొలం పారేసిన వస్తువులూ ఉండేవి. పాలు వడకట్టే పాత గరాటు. గుర్రాల కాలం నాటి జీను రింగులు. కూలిపోయిన పందుల కొట్టం నుంచి ఊడదీసిన బూడిదరంగు పలక. మూతలు పోయిన నీలం గాజు సీసాలు. విత్తనాల గోనెసంచి. ఆ పొలంలో పని అయిపోయిన వస్తువుకు రెండే దారులు, మంట లేదా గుంట. మార్లిస్ మూడో దారి చూపించింది. గోనెను ఉతికి ఇస్త్రీ చేసి బల్ల పొడవునా పరిచేది. దాని మీద పలక. పలక మీద గరాటు బోర్లించి, దాని గొట్టంలో ఓక్ కొమ్మలు నిలబెట్టి, చుట్టూ సొరకాయ బుర్రలు, ఎండు మొక్కజొన్న పొత్తులు, అడవిద్రాక్ష తీగ. నీలం సీసాల్లో కొవ్వొత్తులు.

భర్త వెర్లిన్ ఈ సంగతి దాణా కొట్టు దగ్గర ఏటా చెప్పేవాడు. "జనం ఇంట్లో చెత్త తీసుకెళ్ళి గుంటలో పోస్తారు. మా ఆవిడ గుంటలో చెత్త తీసుకొచ్చి బల్ల మీద పోస్తుంది." కొట్టు దగ్గరి మగవాళ్ళు ఏటా నవ్వేవాళ్ళు. పాత జోకుకు కొత్తగా నవ్వడం అక్కడి మర్యాద. వెర్లిన్ చెడ్డవాడని ఎవరూ అనరు. తాగడు. కొట్టడు. ఆవుకు జబ్బు చేస్తే పక్కనే పడుకుంటాడు. పెళ్ళానికి జబ్బు చేస్తే, "భోజనం సంగతేమిటి మరి?" అంటాడు. అది కూడా మెల్లగానే అంటాడు.

ఆ ఇంట్లో మార్లిస్ చేతులు చేసినదేదీ మిగిలేది కాదు. వండినది తింటారు. ఉతికినది మాపుతారు. తుడిచిన నేల మీద పేడ అంటిన బూట్లతో నడుస్తారు. రాత్రికి చూసుకుంటే పొద్దున్నుంచి ఏం చేసిందో చూపించడానికి ఒక్కటీ ఉండదు. ఏమైనా చేయకపోతే మాత్రం అది అందరికీ కనిపిస్తుంది. ఏడాదికి ఒక్కసారి, ఈ ఒక్క పండక్కి, తినడానికీ తొడగడానికీ పనికిరానిది ఒకటి చేస్తుంది. కంటి కోసం చేస్తుంది. దాని ఆయుష్షు ఎంత? ప్రార్థన అయ్యేదాకా. ప్రార్థన అవగానే ఆర్డిస్ అంటుంది, "సరే, ఇది తీసేస్తే గిన్నెలకు చోటవుతుంది." మార్లిస్ తనే పలకతో సహా ఎత్తి, వెనక వరండాలో ఫ్రీజరు మీద పెడుతుంది. వచ్చి టర్కీ కోడి తెస్తుంది, బంగాళాదుంపల ముద్ద తెస్తుంది, గ్రేవీ తెస్తుంది, లెఫ్సే రొట్టెలు తెస్తుంది. ఉప్పు తెస్తుంది. మళ్ళీ గ్రేవీ తెస్తుంది. ఆమెకు కుర్చీ లేదు. వంటింటి తలుపు పక్కన స్టూలు ఉంది. పెళ్ళైన ఏడాదే ఆర్డిస్ అది వేయించింది. "ఎలాగూ లేస్తూ కూర్చుంటూ ఉంటావు కదమ్మా. నీకు ఇదే సుఖం." ఆ స్టూలు మీద మార్లిస్ ఎప్పుడూ ఒక తొడే ఆనించింది. తర్వాత అంట్లు తోమేటప్పుడు వెనక తలుపు అద్దంలోంచి ఫ్రీజరు మీద ఓక్ కొమ్మలు కనిపిస్తాయి. చీకట్లో, ఎవరూ లేని చోట, తలుపు సందు గాలికి గలగలమంటూ.

అయినా ఏటా చేసేది. ఎందుకు చేసేదో ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేది కాదు. చేసేది ఎందుకంటే, ఆ ఇంట్లో ఒక మనిషి ఒకప్పుడు ఆమె చేతిపనిని ఆగి చూశాడు.

పంతొమ్మిదేళ్ళప్పుడు ఆమె నది ఒడ్డు పట్నంలో పెద్ద బట్టల దుకాణంలో పనిచేసింది. వీధి వైపు అద్దాల కిటికీలు అలంకరించే పని. ఆ పనికి పెద్ద ఓపల్ అనే ఆవిడ. పెళ్ళి లేదు, నాలుక మీద తేనె లేదు. ఎక్కడి నుంచి వచ్చిందో గాని ఆ ప్రాంతం మర్యాద ఆమెకు అంటలేదు. మార్లిస్ మొదటిసారి గుమ్మడికాయలు పేర్చినప్పుడు ఓపల్ చూసి, "చచ్చింది. తీసెయ్," అంది. "కాయకు ముఖం ఉంటుందే పిల్లా. నువ్వు జనానికి దాని వీపు చూపించావు." మార్లిస్ మరుగుదొడ్లోకి పోయి ఏడ్చింది. ముఖం కడుక్కుని వచ్చి మళ్ళీ పేర్చింది. ఓపల్ మళ్ళీ తీయించింది. సాయంత్రానికి కిటికీ ముందు నిలబడి, "ఆఁ," అంది. అంతే. ఒక్క ఆఁ. ఆ తర్వాత మార్లిస్‌ను చర్చిలో మెచ్చుకున్నారు, పాల సంఘం విందులో చప్పట్లు కొట్టారు, కొడుకు పుట్టినప్పుడు ఊరంతా పలకరించింది. ఏదీ ఆ ఆఁ కి సాటి రాలేదు. బాగాలేనిదాన్ని బాగాలేదన్న నోటి నుంచి వచ్చింది కాబట్టి దానికి విలువ. ఆ విలువ అప్పుడు తెలియలేదు. ఓపల్ అంటే భయమని అనుకునేది. పల్లెకు వచ్చి, చుట్టూ అందరూ మంచిగానే మాట్లాడే ఇంట్లో ఏళ్ళు గడిచాక, అది భయం కాదని తెలిసింది.

ఆ శరదృతువులో పెద్ద కిటికీని ఓపల్ పూర్తిగా మార్లిస్‌కు వదిలేసింది. పాత తలుపును పీపాల మీద పరిచి మార్లిస్ పండగ బల్ల చేసింది. ఎండుగడ్డి, కంకులు, ఖాళీ పళ్ళేలు. "నిలబడి చూసేవాడి కంటి ఎత్తుకు పెట్టు," అని ఓపల్ నేర్పింది. "వీధిలో వాడు నిలబడే ఉంటాడు. కిందకి పెడితే నేల చూసి పోతాడు. ఎత్తుకు పెట్టు." కిటికీలోకి చెప్పులతో పోకూడదు. మేజోళ్ళతో, మోకాళ్ళ మీద పాకుతూ పనిచేయాలి. పొద్దు పోయాక లోపల దీపాలు వెలిగిస్తే బయట ఏముందో లోపలివాళ్ళకు కనిపించదు. అద్దంలో తన నీడే కనిపిస్తుంది. అయినా ఆ సాయంత్రం అద్దానికి అవతల ఎవరో నిలబడ్డారని మార్లిస్‌కు తెలిసింది. అద్దానికి ముఖం ఆనించి చూస్తే మంచులో టోపీ కిందకి లాక్కుని ఒక కుర్రాడు. జనం ఆగుతున్నారు, పోతున్నారు. అతను పోవడం లేదు. మర్నాడూ వచ్చాడు. ఆమె బయటికి వచ్చినప్పుడు టోపీ తీశాడు.

"నువ్వేనా ఇది చేసింది?"

"నేనే."

"చూస్తూ ఉండిపోయాను," అన్నాడు వెర్లిన్.

ఏం చూశాడో అతను చెప్పలేదు. ఆమె అడగలేదు. ఆ మాటలో ఉన్న ఖాళీని తనే పూరించుకుంది. కొత్త సంవత్సరం వచ్చాక ఓపల్ పెద్ద నగరంలో పెద్ద దుకాణానికి వెళ్ళిపోతూ, "నువ్వూ రా. నీ చేతిలో ఏదో ఉంది. ఇంకా అడ్డదిడ్డంగా ఉంది, కానీ ఉంది," అంది. మార్లిస్ రానంది. తను చేసినదాని ముందు మంచులో నిలబడిపోయిన మనిషిని వదిలి ఎలా పోతుంది? ఓపల్ భుజాలెగరేసి పెట్టె పట్టుకుని బస్సెక్కింది. మళ్ళీ కనిపించలేదు. బతికుందో లేదో తెలియదు. పెళ్ళయ్యాక వెర్లిన్ బల్ల వైపు చూడడం మానేసినా మార్లిస్‌కు కోపం రాలేదు. పొలం పని మనిషిని తినేస్తుంది, అనుకుంది. లోపల ఎక్కడో ఆ టోపీ కుర్రాడు ఇంకా నిలబడే ఉన్నాడు, అనుకుంది. ఏటా ఓక్ కొమ్మలు నిలబెట్టింది అతని కోసమే. ఒక్కసారి ఆగి చూస్తాడని.

"ఆకు వేశావా?" వెర్లిన్ ముందుగదిలోంచి కేకేశాడు. టీవీలో ఫుట్‌బాల్ ఆడుతున్నారు. బల్ల పొడవు పెంచడానికి నడుమ ఇరికించే పలకను అక్కడ ఆకు అంటారు.

"పొద్దునే వేశాను."

"ఒక్కదానివే మోశావా? పిలవకపోయావా?"

పిలిచింది. అప్పుడూ టీవీలో ఏదో ఉంది. ఆ సంగతి చెప్పకుండా ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళి గ్రేవీ కలిపింది.

ఈ పండక్కి మరిది డ్యుయేన్ కొత్త మనిషిని తెచ్చాడు. అతని భార్య పోయి కొంతకాలమైంది. చలికాలం అరిజోనాలో గడపడానికి పోయి అక్కడ లోరెట్టాను కలిశాడు. లోరెట్టాది న్యూజెర్సీ. పెద్ద గొంతు, పెద్ద చెవిపోగులు. అతిథి కాబట్టి బల్ల ఆ చివర, వెర్లిన్‌కు ఎదురుగా, చనిపోయిన మామగారి కుర్చీ ఆమెకు ఇమ్మంది ఆర్డిస్. అది ఆ ఇంట్లో గొప్ప మర్యాద. లోరెట్టాకు అది తెలియదు. తిన్నగా వచ్చి వంటింటి తలుపు పక్క స్టూలు మీద కూలబడింది.

"అక్కడ కాదమ్మా, ఈ కుర్చీలో..." అంది ఆర్డిస్.

"నాకు ఇదే హాయి పెద్దమ్మా. గంటకోసారి సిగరెట్ పడాలి నాకు. తలుపు పక్కనైతే ఎవర్నీ లేపక్కర్లేదు."

అది మార్లిస్ స్టూలని చెప్పాలి. చెబితే అతిథిని లేపినట్టు. చెప్పకపోతే ఎలా?

"అక్కడ చలిగాలి కొడుతుందేమో," అంది ఆర్డిస్.

"నాకసలే ఒళ్ళంతా ఆవిర్లు. గాలే కావాలి."

"ఆ స్టూలు కొంచెం ఊగుతుంది," అన్నాడు మార్లిస్ కొడుకు కెంట్.

"నేనూ ఊగుతాను బాబూ. జోడీ కుదిరింది."

"కుర్చీకైతే మెత్త ఉంది కదా," అన్నాడు డ్యుయేన్.

"నాది నాకుంది, పుట్టుకతో వచ్చింది," అంది లోరెట్టా.

అంతకంటే చెబితే గొడవపడినట్టే అవుతుంది. ఒక మనిషి తప్పు చోట కూర్చుంటే లేవమనలేక, ముప్పై ఏళ్ళుగా కదలని కుర్చీలన్నీ ఆ రోజు కదిలాయి. మార్లిస్ మామగారి కుర్చీ వెనక చెయ్యి ఆనించి నిలబడింది. ప్రార్థనకు టైమయింది. కూర్చోవడానికి ఇంకెక్కడా చోటు లేదు. కూర్చుంది. కొమ్మలు కత్తిరించే కత్తెర ఏప్రన్ జేబులో ఉండిపోయి తొడకు గుచ్చుకుంది. రెండు తొడలూ ఆనించి కూర్చోవడం ఆమెకే వింతగా అనిపించింది.

అందరూ తలలు వంచారు. వెర్లిన్ ప్రార్థన చేశాడు. "ఈ భోజనాన్నీ, దీన్ని సిద్ధం చేసిన చేతులనూ దీవించు ప్రభువా. ఆమెన్." ఎవరి చేతులో చెప్పలేదు. దేవుడికి తెలిసే ఉంటుంది.

ఆమెన్ అయ్యాక లేవాలి. మార్లిస్ లేవబోతుండగా లోరెట్టా బల్ల మీద మోచేతులు పెట్టి అడిగేసింది. "అయితే వెర్లిన్, మీ ఇద్దరికీ ఎలా కుదిరింది? డ్యుయేన్ ఏదీ సరిగ్గా చెప్పడు. దుకాణం కిటికీలో దొరికిందట కదా మీ ఆవిడ?"

మార్లిస్ లేవలేదు. ఆ కథను అతని నోట ఆమె ఎన్నడూ వినలేదు. ఆ ఇంట్లో అలాంటివి అడగరు. గుండె పంతొమ్మిదేళ్ళ పిల్ల గుండెలా కొట్టుకుంది. ఈ వయసులో అలా కొట్టుకున్నందుకు ఆమెకే సిగ్గేసింది.

"దొరకడమే," అన్నాడు వెర్లిన్. ఓక్ కొమ్మల అవతల నుంచి అతని గొంతు హుషారుగా వినిపించింది. "పశువుల సంత నుంచి వస్తున్నాను. చూస్తే కిటికీలో ఒక పిల్ల, చెప్పుల్లేవు, మేజోళ్ళతో మోకాళ్ళ మీద పాకుతోంది. ఆ పిక్కలు చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. పొద్దున్నుంచీ సంతంతా తిరిగానా, అంత మంచి పిక్కలు ఒక్కదానికీ లేవు!"

డ్యుయేన్ బల్ల మీద చరిచాడు. కెంట్ సిగ్గుపడి నవ్వాడు. ఆర్డిస్, "వెర్లిన్!" అంటూ నవ్వింది.

"ఓరి నీ! మర్నాడు కూడా వెళ్ళావట?" అంది లోరెట్టా.

"మర్నాడు రెండో వైపు చూద్దామని."

ఇంకా నవ్వారు. మార్లిస్ కూడా నవ్వింది. నోరు అలవాటు కొద్దీ నవ్వేసింది, ఆమెను అడగలేదు.

"మరి కిటికీలో ఏం పెట్టింది?" అంది లోరెట్టా.

"కిటికీలోనా? ఏమో. ఎవడికి గుర్తు? దుప్పట్లనుకుంటా."

దుప్పట్లు కాదు. మార్లిస్ ఆ మాట అనాలనుకుంది. అనలేదు. అంటే ఏమవుతుంది, "అవునా?" అంటాడు. అంతే. ఆ కుర్రాడు మంచులో నిలబడ్డది నిజమే. అద్దంలోంచి చూసిందీ నిజమే. మధ్యలో బల్ల లేదు. కంకుల్లేవు, గడ్డి లేదు, ఆమె వేళ్ళు లేవు. ఒక్క మనిషైనా చూశాడన్న నమ్మకంతో ఓపల్‌ను ఒంటరిగా బస్సెక్కనిచ్చింది. పందుల కొట్టం పలక కడిగింది. ఏటా గుంటల్లో దిగింది. అతని మీద కోపం రాలేదు. అతను అబద్ధం చెప్పలేదు. చూస్తూ ఉండిపోయానన్నాడు, ఉండిపోయాడు. వాక్యంలో మిగతా సగం తనది. తన సగాన్నే తను పెళ్ళాడింది. ఇప్పుడు ఆమెకు కావలసింది ఆ కుర్రాడు కాదు. ఎవరైనా ఒకరు, ఎదురుగా నిలబడి, చచ్చింది తీసెయ్ అనే మనిషి. ఆ గొంతు కోసం ఒళ్ళంతా లాగింది. అంత లాగుతుందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

"సరే మార్లిస్," అంది ఆర్డిస్. "ఇది తీసి ఫ్రీజరు మీద పెట్టేసి, బంగాళాదుంపలు పట్రా. చల్లారిపోతాయి."

మార్లిస్ రెండు చేతులూ చాపి పలకను పట్టుకుంది. పట్టుకుని, ఎత్తేముందు, చూసింది. తను చేసినదాన్ని కూర్చుని చూడడం ఆమెకు అదే మొదటిసారి.

ఎత్తు ఎక్కువైంది.

ఒక్క చూపుకే తెలిసింది. కొమ్మలు పైకి పోయి, పక్కలకు విచ్చుకుని, మనుషుల ముఖాలను మింగేశాయి. ఆర్డిస్ ముఖం సగం ఉంది. కెంట్ నుదురు మాత్రం ఉంది. వెర్లిన్ అసలు లేడు. నిలబడి చూస్తే ఎంతో పొందికగా ఉండేది. కూర్చుంటే కంచె. వీధిలో వాళ్ళు నిలబడి చూస్తారు. బల్ల దగ్గర ఎవరైనా కూర్చునే చూస్తారు. ఇంత చిన్న సంగతి. కూర్చుని ఉంటే మొదటి ఏడే తెలిసేది. ఒక్కరు చెప్పి ఉంటే రెండో ఏడు తెలిసేది. వీళ్ళు ఏటా దీన్ని తీయించింది గిన్నెలకు చోటు కోసం కాదు. ఒకరి ముఖం ఒకరికి కనిపించడం లేదు. ఆ మాట అనలేక, వేరేగా ఉందే అన్నారు. అని, ఆమె చేతే ఆమె పనిని వరండాలోకి మోయించారు.

ఆమె పలకను వదిలేసింది.

"ఇది ఎత్తు ఎక్కువైంది," అంది.

"లేదు లేదు," అంది ఆర్డిస్ వెంటనే. "అదేం లేదమ్మా."

"బానే ఉందమ్మా," అన్నాడు కెంట్.

"నాకు మీ ముఖాలు కనిపించడం లేదు. మీకు నేను కనిపిస్తున్నానా?"

చివరికి డ్యుయేన్ గొంతు సవరించుకున్నాడు. "ఎత్తే వదినా. నిజం చెప్పాలంటే, మొదట్నుంచీ ఎత్తే."

"మొదట్నుంచీ!" అంది మార్లిస్. "ఇన్నేళ్ళలో ఒక్కరు చెప్పలేదేం?"

"బాధపడతావని," అంది ఆర్డిస్. "నీ మనసు కష్టపెట్టడం ఎందుకని."

"పడేదాన్నే అత్తయ్యా. కాసేపు ఏడ్చేదాన్ని. తర్వాతి ఏడు తక్కువ చేసేదాన్ని. ఆ పై ఏడు ఇంకొంచెం బాగా చేసేదాన్ని. ఈపాటికి నాకు ఈ పని వచ్చేది."

ఆ ఇంట్లో ఆమె ఒక్కసారే అన్ని మాటలు అనడం అదే మొదలు. ఆర్డిస్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడుచుకున్నది కళ్ళు కాదు, కళ్ళజోడే. ఆమె మెత్తబడలేదు. మెత్తబడే వయసు ఆమెకు దాటిపోయింది. "బంగాళాదుంపలు చల్లారుతున్నాయి," అంది.

"నేను తెస్తానుండండి," లోరెట్టా లేవబోయింది.

"నువ్వు అతిథివి. కూర్చో," అంది మార్లిస్.

ఏప్రన్ జేబులోంచి కత్తెర తీసింది. లేవలేదు. కూర్చున్న చోటి నుంచే ముందుకు వంగి, ఎడమవైపు పెద్ద కొమ్మను నడిమికి కోసింది. ఆకులు గలగలమని ఆమె ఖాళీ పళ్ళెంలో పడ్డాయి. వెనక్కి వాలి చూసింది. కళ్ళు సగం మూసి, మళ్ళీ తెరిచి చూసింది. ఇంకొంచెం కోసింది. ఆర్డిస్ ముఖం పూర్తిగా బయటపడింది. ముసలి ముఖం, ఎర్రబడిన ముక్కు, బిగించిన పెదవులు. పర్వాలేదు, అక్కడ అది ఉండొచ్చు. తీగను కిందకి లాగి పలక అంచున పడుకోబెట్టింది. కెంట్ బయటపడ్డాడు. తల్లి చేతుల వైపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కుడివైపు రెండు రెమ్మలు తీసేస్తే డ్యుయేన్ వచ్చాడు. ఇంకొక్కటి తీస్తే లోరెట్టా చెవిపోగులు మెరిశాయి. ఒక సొరబుర్రను ఇటు తిప్పింది. కాదు. అటు తిప్పింది. పొయ్యి మీద గిన్నెలు చల్లారుతున్నాయి. ఆ సంగతి ఆమెకు తెలుసు. వాటిని చల్లారనిచ్చింది. వేళ్ళ చివర్లు చురుగ్గా ఉన్నాయి. ఇలా ఉండి ఎన్నేళ్ళయింది?

ఎవరో ఒకరు లేవాలి. బల్ల చుట్టూ ఆ ఆలోచన ఒక్కొక్కరి ముఖం మీదా నడిచింది. చివరికి కెంట్ లేచి వంటింట్లోకి వెళ్ళాడు. అరలు తెరిచి మూసిన చప్పుడు.

"అమ్మా, పెద్ద గరిటె ఎక్కడుంటుంది?"

"నువ్వు పుట్టకముందు ఎక్కడుందో అక్కడే."

లోరెట్టా పకపకా నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. డ్యుయేన్ కూడా మెల్లగా లేచి వంటింటి వైపు నడిచాడు.

మధ్యలో ఒక కొమ్మ మిగిలింది. అన్నిటికంటే నిండైన కొమ్మ, ఒక్క ఆకు కూడా రాలనిది. అది తీస్తే అవతల వెర్లిన్ కనిపిస్తాడు. మార్లిస్ కత్తెర నోరు తెరిచి దాని మొదట్లో పెట్టింది. మిగతావన్నీ తగ్గాయి కాబట్టి అదొక్కటే ఎత్తుగా ఉంది. వెనక్కి వాలి మరోసారి చూసింది. లెక్క ప్రకారం తీసెయ్యాలి. కానీ ఆ చోటికి, తను కూర్చున్న ఈ కుర్చీలోంచి చూస్తే, అది సరిగ్గా సరిపోయింది. కత్తెర మూసి పళ్ళెం పక్కన పెట్టింది.

"మార్లిస్," అంది కొమ్మ అవతలి గొంతు. "నా గ్రేవీ ఏదీ?"

"పొయ్యి మీద ఉంది," అని ఎదురుగా ఉన్న ఓక్ ఆకులతో చెప్పింది మార్లిస్.